కార్డుల మీద రాయని మాట

మా అమ్మాయిని ఒకటో క్లాసు ఫ్రెంచిలో ఎందుకు వేశామని ఇన్నేళ్ళ తరవాత కూడా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మొదట్లో వివరంగా చెప్పేదాన్ని. తరవాత్తరవాత "ఏదో బుద్ధి పుట్టింది లెండి" అని ఊరుకునేదాన్ని. ఇప్పుడెలాగూ రాయడానికి కూచున్నాను కాబట్టి ఒక్కసారే మొత్తం చెప్పేస్తాను. మళ్ళీ అడక్కండి, ఓపిక లేదు.

ఎనభైల మొదట్లో మాట. వాషింగ్టన్ పక్కన మేరీల్యాండ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మావారు ఇంజనీరింగ్ చదివారు, దొరికింది మాత్రం గీతలు గీసే డ్రాఫ్టింగ్ పని. నాది ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కీపంచ్. అంటే పొద్దస్తమానం మిషను ముందు కూచుని అట్ట కార్డులకి చిల్లులు కొట్టడం. పొద్దున్న ఆరున్నరకి మొదలు, రెండున్నరకి వదిలేవారు. గురువారం సెలవు, శనివారం పని. ఇంటికి వచ్చేసరికి మెడ దగ్గర్నించి వేళ్ళ దాకా ఒకటే సలుపు. ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సలుపే.

పాపని మూడో ఏట మా అమ్మ దగ్గర, కాకినాడలో వదిలి వచ్చాం. ఇద్దరం పనిచేస్తే గాని గడవదు, చూసే దిక్కు లేదు. ఆరో ఏడు వచ్చాక ఆ జూన్‌లో తెచ్చుకున్నాం. విమానం దిగి, నన్ను ఎగాదిగా చూసి, "నమస్కారమండీ" అంది. కన్న కూతురు చేత "అండీ" అనిపించుకున్నాను. ఆ మాట పోవడానికి నెల పట్టింది. "అమ్మా" అన్న మొదటి రోజు స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

ఇంతలో సెప్టెంబరు ముంచుకొచ్చింది. పిల్లకి తెలుగు తప్ప ఒక్క ముక్క రాదు. అప్పుడు మావారు ఆఫీసులో ఎవరి దగ్గరో విని వచ్చారు. కొంచెం దూరంలో ఒక మామూలు సర్కారు బడి ఉందిట, అక్కడ ఒకటో క్లాసు నించీ లెక్కలతో సహా అన్నీ ఫ్రెంచిలోనే చెప్తారుట. బస్సు వస్తుంది, ఫీజు లేదు.

"చూడవోయ్," అన్నారు. "ఇంగ్లీషు బళ్ళో వేస్తే క్లాసంతా గలగలా మాట్లాడుతూ ఉంటే మనదొక్కతే బిక్కమొహం వేసుకుని కూచోవాలి. ఇక్కడైతే ఆ అమెరికా పిల్లలకీ ఏమీ రాదు. అందరూ జీరో నించే స్టార్ట్ అవుతారు. ఇంగ్లీషు అంటావా, టీవీ చూసి అదే పిక్ అప్ చేసేస్తుంది."

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు ఆ మాట బ్రహ్మవాక్కులా వినిపించింది. తెలుగువాళ్ళం నెలకోసారి ఎవరింట్లోనో కలిసేవాళ్ళం, తలా ఒక గిన్నె తెచ్చుకుని. అక్కడ మా అందరికీ పెద్దదిక్కయిన ఒక అక్కయ్యగారు, "ఫ్రెంచా! ఏవమ్మా, పిల్లకి యానాంలో ఉద్యోగం వేయిస్తారేవిటి?" అంది. అందరూ ఒకటే నవ్వు. నాకు ఒళ్ళు మండింది. "చూస్తూ ఉండండి అక్కయ్యగారూ, ఉగాది నాటికి మీ అందరి ముందూ గడగడా మాట్లాడిస్తాను" అన్నాను. నోరు ఊరుకోదు కదా.

క్లాసు టీచరు హైతీ దేశపు మనిషి. మన ఛాయే. నలభై దాటి ఉంటుంది, మోకాళ్ళ నెప్పులు. పిల్లలంతా ఆవిణ్ణి మదాం అనాలి. ఆ క్లాసు పద్ధతి ఏమిటంటే, గుమ్మం దాటి లోపలికి వచ్చాక ఆవిడకి ఇంగ్లీషు రాదు. అంటే వచ్చు, రానట్టు ఉంటుంది. పిల్లలు ఇంగ్లీషులో ఎంత మొత్తుకున్నా భుజాలు ఎగరేసి, అర్థం కాలేదన్నట్టు మొహం పెడుతుంది. కావలసినదేదో వాళ్ళే తంటాలుపడి ఫ్రెంచిలో అడగాలి. అలా అయితేనే పసిపిల్లలు అమ్మ దగ్గర నేర్చుకున్నట్టు నేర్చుకుంటారుట.

మా పిల్ల సెప్టెంబరు, అక్టోబరు బుద్ధిగా వెళ్ళి వచ్చింది. మూడున్నరకి బస్సు దిగీ దిగగానే ఇంట్లోకి పరుగు, చెప్పులైనా విప్పకుండా బాత్రూంలోకి. వచ్చాక గటగటా రెండు గ్లాసుల నీళ్ళు. పొద్దున్న సీసాలో పోసి ఇచ్చిన పాలు పోసినవి పోసినట్టే తిరిగి వచ్చేవి. "ఇక్కడ పాలు ఊరికే వస్తున్నాయా? మీ అమ్మమ్మ గారం చేసి పాడుచేసింది" అని రోజూ తిట్టేదాన్ని. తల వంచుకుని నించునేది. ఎదురు చెప్పడం దానికి తెలీదు. పోనీ అదైనా తెలిసి ఉంటే బాగుండేది.

నవంబరులో మదాం మా ఇద్దర్నీ పిలిపించింది. పిల్లలు లేని గదిలో తలుపు వేసి, ఎంతో చక్కని ఇంగ్లీషులో చెప్పింది. కొందరు పిల్లలు రెండు మూడు నెలలు నోరు విప్పరు, దానికి కంగారు లేదు, లోపల వింటూ ఉంటారు. కానీ మీ పాప సంగతి వేరు. ఆడదు, అడగదు, తినదు, తాగదు. బొమ్మలా కూచుంటుంది. ఇలాగే ఉంటే పిల్లకి మేం మంచి కంటే చెడే ఎక్కువ చేస్తున్నామేమో. జనవరి నెలాఖరు దాకా చూద్దాం. మార్పు లేకపోతే మీ ఇంటి దగ్గరి ఇంగ్లీషు బడికి పంపించేద్దాం, మళ్ళీ మొదట్నించి. వీలైతే గురువారాలు వచ్చి క్లాసులో సాయం చెయ్యండి, మిమ్మల్ని చూస్తే ధైర్యం వస్తుందేమో.

కారులో మావారు, "పోనిద్దూ, మానిపించేద్దాం. మన ఐడియానే రాంగ్" అన్నారు. ఆయనకేం, అనేశారు. ఒకసారి అమ్మమ్మ దగ్గర్నించి పీకి ఇక్కడ వేశాం. ఇప్పుడు ఇక్కణ్ణించి పీకి ఇంకో చోట వెయ్యాలా? అది మొక్కా, మనిషా? పైగా, దాచడం ఎందుకు, అక్కయ్యగారి మొహం కూడా కళ్ళ ముందు కదిలింది.

అలా నాకున్న ఒక్క సెలవురోజూ క్లాసుకి సమర్పయామి అయింది. నియమం పెద్దవాళ్ళకీ ఒకటే, లోపల ఫ్రెంచి తప్ప వినపడకూడదు. రానివాళ్ళు నోరు మూసుకుని పని చెయ్యాలి. వెనకాల పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచుని రంగు కాగితాలు కత్తిరించేదాన్ని, జిగురు డబ్బాల మూతలు తుడిచేదాన్ని. మదాం రోజంతా నాటకం ఆడినట్టే ఉండేది. వాన అంటే గొడుగు విప్పేది, చలి అంటే వణికేది, పైన కింద అంటే కుర్చీ ఎక్కి దిగి చూపించేది. గోడకి ఏడు వారాలు, పన్నెండు నెలలు, వాతావరణం బొమ్మలు. లైను కట్టడం, ముక్కు తుడుచుకోవడం, కత్తెర పక్కవాడికి పిడివైపు అందించడం, అన్నీ ఫ్రెంచిలోనే. పన్నెండింటికల్లా ఆవిడ గొంతు బొంగురుపోయేది. ఎవరూ చూడనప్పుడు బల్లకి ఆనుకుని కళ్ళు మూసుకునేది. ఆ మనిషిని చూస్తే నా సలుపు నాకు చిన్నదనిపించేది.

ఆ క్లాసులో పిల్లలు అన్నిటికంటే ముందు నేర్చుకున్న వాక్యం బాత్రూంకి వెళ్ళచ్చా అని అడగడం. తలుపు పక్కన మేకుకి ఒక చెక్క ముక్క వేలాడుతూ ఉంటుంది. ఆ వాక్యం చెబితేనే మదాం తల ఊపి చెక్క తీసి ఇస్తుంది, అది పట్టుకుని వెళ్ళి రావాలి. పూటకి ఇరవై సార్లు వినేదాన్ని ఆ వాక్యం. నిద్రలో లేపినా చెప్పగలిగేంతగా నా చెవుల్లో నాటుకుపోయింది.

మూడో గురువారానికి నాకు ఉపాయం తట్టింది. మనకి చదువంటే ఏమిటి? ఎక్కాలు, శతకాలు, అన్నీ ముందు బట్టీ పట్టాం, అర్థం తరవాత అదే వచ్చింది. ఆఫీసులో పారేసే పంచ్ కార్డులు తెచ్చుకుని, క్లాసులో విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. ముక్కుతో పలికే చోట అరసున్న పెట్టాను. మన వాళ్ళందరూ తీసేసిన అరసున్న అమెరికాలో ఫ్రెంచికి పనికొచ్చిందంటే ఎవరు నమ్ముతారు! వారాలు, నెలలు, ముప్ఫై దాకా అంకెలు, ఎండ వాన మంచు, అన్నీ రాశాను. బాత్రూం వాక్యం రాయలేదు. అది పాఠం కాదు కదా.

రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఒకటే పారాయణం. నేను కార్డు చూసి చెప్పడం, అది అప్పజెప్పడం. పిల్లది ఏకసంథాగ్రాహి. పది రోజుల్లో కార్డులన్నీ నోటికొచ్చేశాయి. తప్పు పోతే నేను కసురుకునేదాన్ని. అలసిపోయి ఉన్నప్పుడు ఇంకా గట్టిగా కసురుకునేదాన్ని. అది ఏడవకుండా మళ్ళీ మొదట్నించి ఎత్తుకునేది.

డిసెంబరులో ఒక గురువారం మదాం క్లాసుని ఇవాళ ఏ వారం అని అడిగింది. మా పిల్ల లేచి నించుంది. చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆదివారం నించి మొదలుపెట్టి ఏడు వారాలు, ఊపిరి తీసుకోకుండా పన్నెండు నెలలు, ముప్ఫై అంకెలు, ఎండ, వాన, మంచు, గాలి అన్నీ ఏకబిగిన అప్పజెప్పి కూచుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టబోయి మదాం మొహం చూసి ఆగాను.

సాయంత్రం వసారాలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది, అక్కడ ఇంగ్లీషు మాట్లాడచ్చు. "అది మీ గొంతు. పాప గొంతు నేను ఇంకా వినలేదు."

ఎంత కోపం వచ్చిందో! ఇన్నాళ్ళూ నోరు విప్పలేదంటివి, విప్పితే ఇదా? ఇంటికి వచ్చి మావారి మీద ఎగిరాను. ఆయన పేపరు దించకుండా, "ఆవిడ చెప్పింది కరెక్టే కదా" అన్నారు. ఆ రాత్రి వంట ఆయనే చేసుకున్నారు.

జనవరి వచ్చింది. గడువు ఇంక మూడు వారాలే. కొత్త సంవత్సరం మొదట్లో వాళ్ళకి ఒక ఆచారం ఉందిట. గుండ్రంగా బాదం పిండి కేకు చేసి లోపల ఒక చిక్కుడు గింజ దాస్తారు. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి కాగితం కిరీటం. ఆ గురువారం మదాం ఇంటి దగ్గర కాల్చి తెచ్చింది, పెద్ద ఫ్లాస్కులో వేడి వేడి చాక్లెట్ పాలు కూడా. నేనే గ్లాసుల్లో పోసి అందరికీ పంచాను. మా పిల్ల గ్లాసు ముట్టుకోలేదు. బల్ల చివరికి జరిపేసింది. ఆవిడ తెచ్చినదాన్ని, ఆవిడ ఎదురుగానే! మాట్లాడకూడదు కాబట్టి కళ్ళెర్రజేశాను. ఆ చూపు దానికి తెలుసు. గ్లాసు ఎత్తి, మందు తాగినట్టు, కడదాకా తాగేసింది.

ఒక అరగంట గడిచింది. పిల్లలు కిరీటాలకి రంగులు వేస్తున్నారు. మా పిల్ల కుర్చీలో అటూ ఇటూ కదులుతోంది. చివరికి లేచి మదాం ఎదురుగా వెళ్ళి నించుని చెయ్యి ఎత్తింది. పిడికిలి బిగించి, చిటికెన వేలు ఒక్కటి పైకి పెట్టి చూపించింది.

మదాం మొహం విప్పారింది. నవ్వుతూ తనూ చిటికెన వేలు ఎత్తి ఆడించింది. పక్కనున్న పిల్ల కూడా ఎత్తింది. ఆ వెనక ఇద్దరు, ఆపైన క్లాసు క్లాసంతా, ఇరవై అయిదు చిటికెన వేళ్ళు గాలిలో ఊగుతున్నాయి. అందరికీ అలవాటైన పలకరింపులా ఉంది. మా పిల్ల ఆ వేళ్ళ వంక చూసి, చెయ్యి దించేసుకుని, వచ్చి తన కుర్చీలో కూచుంది.

అప్పుడు గుర్తొచ్చింది. బడి తెరవక ముందు, ఆగస్టులో ఒక సాయంత్రం నేను అంట్లు తోముతున్నాను. అది వచ్చి కొంగు పట్టుకుని, "అమ్మా, ఆ బళ్ళో ఒంటికొస్తే ఏం చెప్పాలి?" అని అడిగింది. నేను వెనక్కైనా తిరగలేదు. "ఏ దేశమైనా అంతే తల్లీ. నోటితో అడగకూడదు, చిటికెన వేలు చూపించు. పంతులమ్మకి తెలుస్తుంది" అన్నాను. నాకు అదే తెలుసు. నేను చదివిన బళ్ళో అంతే, మా అమ్మ చదివిన బళ్ళో అంతే. నోటితో చెప్పడం మర్యాద కాదని వేలు చూపించేవాళ్ళం, మేష్టారు తల ఊపేవారు. ఈ దేశంలో ఆ వేలికి అర్థం లేదని నాకు తట్టనే లేదు.

లేచాను. కుర్చీ వెనక్కి పడింది. నాలుగంగల్లో మదాం దగ్గరికి వెళ్ళి, ఇరవై అయిదు మంది పిల్లల ముందు, పెద్ద గొంతుతో, బాత్రూంకి వెళ్ళచ్చా అని ఫ్రెంచిలో అడిగాను. జన్మలో నేను పలికిన మొదటి ఫ్రెంచి వాక్యం అది. ఆవిడ నివ్వెరపోయి చెక్క తీసి నా చేతిలో పెట్టింది. పిల్లని చంకనేసుకుని పరిగెత్తాను. సగం దారిలోనే నా చీర తడిసింది.

బాత్రూంలో దాని కాళ్ళు కడుగుతూ, "రోజూ చూపించేదానివా?" అన్నాను.

"మొదట్లో రోజూ చూపించాను. నువ్వు చెప్పావుగా."

"మరి ఎవరూ చూడలేదా?"

"అందరూ చూశారు. వాళ్ళూ చూపించారు." రెండో కాలు చాచి, "తరవాత నీళ్ళు తాగడం మానేశాను" అంది.

అయ్యో నా తల్లీ! నాలుగు నెలలు. నోరెండగట్టుకుని, కదిలితే ఆపుకోలేనని ఆడకుండా, పొద్దున్న తొమ్మిది నించి మూడున్నర దాకా బొమ్మలా కూచుంది. నేనేమో సీసా నిండుగా వచ్చిందని తిట్టాను. వారాలూ నెలలూ వల్లె వేయించాను. ఆ తడి నేల మీద కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. పిల్ల నా వీపు నిమిరింది.

వసారాలో మదాంకి సంగతి చెప్పాను. ఆవిడ వింటూ వింటూ గోడకి ఆనుకుని నేల మీదకి జారిపోయింది, ఆ మోకాళ్ళతో. "పలకరిస్తోందనుకున్నాను. పాప మాకు చేసే ఒక్క పలకరింపు అదేననుకున్నాను" అంది. ఇద్దరం కాసేపు అక్కడే కూచున్నాం. ఎవరం ఎవర్నీ ఏమీ అనుకోలేదు. లోపల పిల్లలు గోల చేస్తున్నారు, ఆవిడ లేచి వెళ్ళాలి, లేవడానికి ఆవిడకి ఓపిక లేదు, లేపడానికి నాకూ లేదు. చివరికి ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని లేచాం. ఇంక గడువూ గిడువూ ఏమీ లేదు, పాప ఉంటానంటే ఉంచుకుంటాను, వెళ్తానంటే మీ ఇష్టం అంది.

ఇంటికొచ్చాక పిల్లని ఒళ్ళో కూచోబెట్టుకున్నాను. మావారు పక్కన కూచున్నారు. నాకు పంతం పోయింది, పరువూ పోయింది, అక్కయ్యగారు ఏమనుకుంటే నాకేం. "ఆ బడికి ఇంక వెళ్ళద్దులే అమ్మా. మన ఇంటి దగ్గరే ఇంకో బడి ఉంది, ఇంగ్లీషుది. అందులో వేస్తాం" అన్నాను.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఆరేళ్ళ పిల్ల అంత ఆలోచించడం నేను చూడలేదు.

"అక్కడికి వెళ్ళే ముందు మళ్ళీ నువ్వు నేర్పుతావా?" అంది.

పెంకితనం లేదు ఆ గొంతులో. ఎత్తిపొడుపు లేదు. భయం ఉంది, అంతే.

"నేర్పను" అన్నాను.

"అయితే ఈ బళ్ళోనే ఉంటాను. ఇక్కడ కూడా నేర్పద్దు. ఒట్టెయ్యి."

దాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. పిల్ల ఆ బళ్ళోనే ఉంది. మార్చిలో మాట్లాడింది, తన గొంతుతో, తన తప్పులతో. అయిదో క్లాసు దాకా అక్కడే చదివింది. ఇప్పుడు మూడు భాషల్లో గడగడా మాట్లాడుతుంది, తెలుగుతో సహా. చదవడం, రాయడం మాత్రం రెండిట్లోనే, తెలుగులో రాదు. మన ఊళ్ళ నించి వచ్చిన ఉత్తరం అందిస్తే నాకే తిరిగి ఇచ్చేస్తుంది. ఓనమాలు ఎందుకు దిద్దించలేదమ్మా అని అందరూ నన్నే అంటారు. ఎన్నోసార్లు పలక కొందామనుకున్నాను, షాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. దాని నెత్తి మీద ఒట్టేసిన దాన్ని, ఏ మొహం పెట్టుకుని నేర్పను?